మధ్యాహ్నపు డ్రాగన్

గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ పట్నంలో డ్రాగన్లను ఇల్లాళ్ళ మధ్యాహ్నపు నిద్రలోంచే తీస్తారు. వంటిల్లు సర్దుకుని నడుం వాల్చినప్పుడు వచ్చిన కల ఏ ఆకారంలో ఉంటే, సాయంత్రానికి పెరట్లో ఆ ఆకారమే నిలబడుతుంది. దానికి పురపాలక సంఘం ఆమోదం కావాలి. ఆమోదం లేనిది మొదటి వానకే కరిగిపోతుంది కనుక ఎవరూ ఆలస్యం చెయ్యరు.

వకుళ డ్రాగన్ చక్కగా కుదిరింది. పనసకాయ తొక్కలాంటి పొలుసులు, వాలుగ చేప మీసాలు, గొడుగు గుడ్డలాంటి పల్చని రెక్కలు. నోట్లోంచి మంటకు బదులు, గంజి వార్చేటప్పుడు లేచేటటువంటి ఆవిరి. మెడ వెనక ఒక్క మనిషి కూర్చునేంత పల్లం. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెకు మడ అడవులను పైనుంచి చూడాలని ఉంది. ఆ పల్లం సరిగ్గా వచ్చేదాకా అదే కలను పట్టుబట్టి కంది.

తనిఖీకి ధర్మలింగం అనే అధికారి వచ్చి, టేపుతో తోక కొలిచాడు.

"బాగానే ఉందండి. ఇది దేనికి కాపలా కాస్తదండి?"

"కాపలా ఎందుకండీ? ఎగురుతుంది," అంది వకుళ.

"అలా కుదరదమ్మా. ఏ కథలోనైనా చూడండి. బంగారాన్నో, రాకుమారినో చుట్టుకుని పడుకోవాలి. లేపోతే బల్లి కింద రాసుకుంటామండి, ఆయ్."

వకుళ భర్త పట్టాభి ఆలోచనలో పడ్డాడు. బంగారం బ్యాంకులో ఉంది.

"మనింట్లో కాపలా పెట్టేంత ఏముందిరా, ఆ మిక్సీ తప్ప?" అంది అత్తగారు.

"దానికి గ్యారంటీ ఉందిగా అమ్మా."

అంతలో చినుకులు మొదలయ్యాయి. డ్రాగన్ ఎడమ మీసం కరిగి, గచ్చు మీద పసుపునీళ్ళలా పారింది. అది వకుళ వైపే చూస్తోంది.

"వకుళ ఉందిగా!" అన్నాడు పట్టాభి.

"ఇల్లాలైతే భేషండి," అన్నాడు అధికారి. "రాసేమంటారా అమ్మా?"

వకుళ రెండో మీసం కొస పల్చబడటం చూసింది. "రాయండి," అంది.

వాన తగ్గకుండానే కరగడం ఆగింది. కాపలా కాసేదానికి ఎగిరే పని ఉండదు కనుక రెక్కలను మడిచి కుట్టేశారు. పల్లంలో నీళ్ళు నిలిస్తే దోమలు చేరతాయని సిమెంటుతో పూడ్చారు. పక్కింటి సుగుణ చూడటానికి వచ్చి, "నీది అదృష్టం వదినా. మాది ఫ్రిజ్ చుట్టూ పడుకుంటుంది. తలుపు తియ్యనివ్వదు," అని నిట్టూర్చింది.

మర్నాడు కరివేపాకు కోసమని వకుళ చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్ళింది. డ్రాగన్ తోక మెత్తగా వచ్చి గేటుకు అడ్డంగా పడుకుంది. వెచ్చని ఆవిరి ఆమె భుజాన్ని తాకింది.

"ఎంత ప్రేమో చూడు దానికి!" అంది అత్తగారు, వరండాలోంచి.

వకుళ చెప్పులు విప్పి, తుడిచి, బీరువాలో పెట్టింది. కరివేపాకు పట్టాభి తెచ్చాడు.