లేని అంతస్తును కనుగొన్న శాస్త్రవేత్త

మా సంస్థ భవనానికి ఆరో అంతస్తును కనుగొన్నందుకుగాను మా కంప్యూటర్ శాస్త్రవేత్త గారికి ఈ ఏటి ఉత్తమ పరిశోధక పురస్కారం ప్రదానం చేశామని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. ఆయన కనుగొనేనాటికి ఆరో అంతస్తే లేదు కదా అని గిట్టనివాళ్లు కొందరు గొణుగుతున్నారు. నిజమే, లేదు. ఉన్నదాన్నయితే ఎవరైనా కనుక్కుంటారు.

వారి విద్య ఏమిటంటే, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. దొరక్కపోతే, తప్పు లేదని గణితంతో నిరూపించడం. రెండంకెలను కూడే ప్రోగ్రాము సరిగ్గానే కూడుతుందని నిరూపించి ఆయన డాక్టరేటు పొందారు. యవ్వనమంతా దానికే సరిపోయింది. రెండూ రెండూ నాలుగని జనం అంతకుముందూ అనుకునేవారు గానీ, అది వట్టి నమ్మకం. నడివయసులో ఆయన తీసివేతల మీదికి మళ్లారు. మేమంతా ఆయన్ను ముద్దుగా శంకాచార్యులు అని పిలుచుకునేవాళ్లం.

ఇంటికి తాళం వేసి లాగి చూడడం లోకంలో అందరూ చేసేదే. ఈయన వేసిన తాళం తీసి, తలుపు తెరుచుకుంటోందో లేదో కూడా చూసేవారు. తెరుచుకుంటే మళ్లీ మొదటికొచ్చేవారు. వారి శ్రీమతి పళ్ల డాక్టరు. మనుషుల్ని నోరు తెరిపించి కదలకుండా కూర్చోబెట్టడం ఆమెకు వృత్తి కాబట్టి, గుమ్మం బయట ఓపిగ్గా నిలబడేది.

“ఏవండీ, సినిమా మొదలైపోయి ఉంటుంది.”

“ఉంటుంది అంటే? అది నీ ఊహ.”

“సరే, వెళ్లి నిరూపిద్దాం, పదండి.”

ఇలా ఉండగా మా భవనానికి కొత్త లిఫ్టు వచ్చింది. అయిదంతస్తులకు అంత ఆర్భాటమా అనకండి. అది తెలివైన లిఫ్టు. లోపల మనిషి ఉన్నాడో లేడో బరువును బట్టి తెలుసుకుంటుంది. మధురమైన గొంతుతో మాట్లాడుతుంది. ప్రారంభోత్సవానికి ముందు దాని ప్రోగ్రామును పరీక్షించి, బాగుందని సంతకం పెట్టమని డైరెక్టరు గారు శంకాచార్యులకు పురమాయించారు. సంతకం పెట్టమన్నది పని, పరీక్షించమన్నది మర్యాద. అమాయకుడు, ఆయన మర్యాదను పట్టుకుని కూర్చున్నారు.

కొన్నాళ్లకు తప్పు దొరికింది. అయిదో అంతస్తులో తలుపు మూసుకుంటుండగా మళ్లీ అయిదు నొక్కితే, లిఫ్టు పైన ఇంకో అంతస్తుందనుకుని బయలుదేరుతుంది. చంటిపిల్లకి తొలి పన్ను వచ్చినంత సంబరంగా ఆయన డైరెక్టరు గారి గదిలోకి పరుగెత్తారు.

“నీ మొహం. ఏదీ, చూపించు!” అన్నారు డైరెక్టరు గారు.

ఇద్దరూ ఎక్కారు. శంకాచార్యులు నొక్కవలసినప్పుడు నొక్కవలసింది నొక్కారు. లిఫ్టు అయిదో అంతస్తు దాటి, డాబా మీద దానికోసం కట్టిన ఇటుక గూట్లోకి వెళ్లి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా గోడ.

“ఆరవ అంతస్తు. దయచేసి దిగండి,” అంది మధుర స్వరం.

“ఇదేమిటయ్యా?”

“గోడండీ.”

“అది నాకూ కనిపిస్తోంది. కిందికి పోనీ.”

“పోదండీ. మనం దిగి బరువు తగ్గితే గానీ తలుపు వేయదు. అంతవరకు ప్రోగ్రాము సరిగ్గానే రాశారు.”

డైరెక్టరు గారు లిఫ్టునుద్దేశించి ప్రసంగించారు. తానెవరో, తన అనుభవమెంతటిదో, తన సంతకంతో ఎందరి ఉద్యోగాలు ఊడాయో వివరించారు. లిఫ్టు శ్రద్ధగా విని, దయచేసి దిగమంది. చివరికి ఆయన అరుపులు విని, పక్క భవనంలో పనిచేస్తున్న తాపీమేస్త్రీ ఒకడు డాబా మీదికొచ్చి, బయటినుంచి గోడకు కన్నం పెట్టాడు. ఇద్దరూ పాకుతూ బయటపడ్డారు. వెంటనే లిఫ్టు “ధన్యవాదాలు” అని తలుపు వేసుకుని, హుందాగా కిందికి వెళ్లిపోయింది.

నెత్తినిండా ఇటుక పొడితో డైరెక్టరు గారు అటే చూస్తూ ఉండిపోయారు.

“చూశావా! బ్రహ్మాండంగా పనిచేస్తోంది. లోపం లిఫ్టులో లేదయ్యా. గోడలో ఉంది.”

మర్నాడు అత్యవసర సమావేశం జరిగింది. లిఫ్టు కంపెనీ మేనేజరు ఉద్వేగంతో మాట్లాడారు: “మా లిఫ్టు తప్పు చేయలేదు, కల కన్నది. మహాశయులారా, ఆ కలను అందుకోలేక వెనకబడిపోయింది మీ భవనం!” సభ్యులు సిగ్గుతో తలలు వంచుకున్నారు.

“అయ్యా, ప్రోగ్రాములో ఒక్క అంకె మారిస్తే చాలు,” అన్నారు శంకాచార్యులు.

“అంకెలు మార్చమంటావా?” డైరెక్టరు గారు చెవులు మూసుకున్నారు. “ఇది విద్యాసంస్థ!”

పైగా అంకె మార్చాలంటే కంపెనీ పెద్దలందరూ ఒప్పుకోవాలి. అంతస్తు కట్టాలంటే ఇటుకలు ఒప్పుకుంటే చాలు. కాబట్టి అంతస్తే లేచింది.

సంతకం పెట్టేది లేదని శంకాచార్యులు ఇంట్లో భీష్మించుకు కూర్చున్నారు.

“నాకు తెలీక అడుగుతాను, పన్ను వంకరగా ఉందని ఎవరైనా దవడ జరుపుతారా అండీ?” అంది శ్రీమతి.

“జరిపేశారు. రంగులు కూడా వేశారు.”

ఆఖరి ఆశగా ఆయన మళ్లీ గణితం ముందు కూర్చున్నారు. లిఫ్టు ఆగిన ప్రతి చోటా అంతస్తు ఉండాలి, ఇదీ నిరూపించవలసింది. ఇప్పుడు ఉంది. నిరూపణ ఎక్కడా తడబడకుండా, జీవితంలో ఎన్నడూ రానంత అందంగా వచ్చింది. ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. మనుషుల్ని కాదనగలరు గానీ గణితాన్ని కాదనలేరు. సంతకం పెట్టేశారు.

అక్కడినుంచి ఆయన దశ తిరిగింది. జీతాల ప్రోగ్రాములో ఫిబ్రవరికి ముప్ఫయ్యో తేదీ ఉందని ఆయన కనిపెట్టగా, ఆ రోజు అందరూ విధిగా హాజరు కావాలని ఉత్తర్వు వచ్చింది. ఇంతవరకు ఒక్కరూ ఆ రోజు గైర్హాజరు కాలేదు. హాజరు యంత్రం కవలలైన ఇద్దరు గుమాస్తాలను ఒకరిగానే చూస్తోందని చెప్పగా, అన్నను బదిలీ చేసి యంత్రం మాట నిలబెట్టారు. గ్రంథాలయాధికారి ఆయన చేయి పట్టుకుని, “అన్నగారూ, మాకూ ఒక గది కట్టించే తప్పు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి,” అని బతిమాలారు.

పురస్కార సభలో ఆయన క్లుప్తంగా మాట్లాడారు. “తప్పు ప్రోగ్రాములో ఉంది. లోకంలో కాదు. మీకు దణ్ణం పెడతాను, ప్రోగ్రామును దిద్దండి.”

చప్పట్లు మారుమోగాయి. “ఎంత వినయం!” అన్నారు డైరెక్టరు గారు.

సభ ముగిశాక దంపతులు మెట్లమీదుగా దిగారు.

“మీరు చెప్పింది నాకర్థమైందండీ,” అంది ఆమె.

ఆయన ఋజువు అడగలేదు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, మంచిదే. మొన్న రేషను కార్డులో కంప్యూటరు మీ ఇంటిపేరులో ఒక అక్షరం మింగేసిందట కదా? గుమాస్తా ఇక మారదన్నాక, ఇంటికొచ్చి తలుపు మీది పేరుపలకలో ఆ అక్షరాన్ని మేకుతో గీకేసింది ఎవరండీ, మా డైరెక్టరు గారా?