అత్తగారి వీడియో, అల్లుడుగారి హబ్బు

హలో, వినబడుతోందా అండీ? అందరూ లైన్లో ఉన్నట్టే కదా. అయితే కాసేపు ఎవరూ పెట్టేయకండి, మాకు బాగా తెలిసిన ఒక మాస్టారి సంగతి చెబుతాను.

ఆయన్ని అందరూ వైరు మాస్టారు అంటారు. ఒకప్పుడు కంప్యూటర్ సెంటర్ నడిపారు. సెంటర్ మూతపడి చాలా కాలమైంది కానీ, ఆయన జేబులో స్క్రూడ్రైవరు మాత్రం ఇంకా రిటైరవలేదు. వాళ్ళావిడ ఆ సెంటర్లోనే కంప్యూటర్ నేర్చుకుంది. కోర్సుకని వచ్చి మాస్టార్నే పట్టుకుపోయిందని బావమరిది ఇప్పటికీ వెక్కిరిస్తుంటాడు.

ఒక ఆదివారం పొద్దున్నే ఆవిడ పని చెప్పింది. సాయంత్రం తన అక్కా తమ్ముడూ వస్తున్నారట. వాళ్ళకి అమ్మ వీడియో చూపిస్తానని మాటిచ్చిందట. ముందు గదిలోని పాత కంప్యూటర్లోంచి దాన్ని పడగ్గది లాప్‌టాప్‌లోకి పంపించాలట. పాతదానికి పెన్‌డ్రైవు పెట్టే చోటు ఎప్పుడో పాడైపోయింది కాబట్టి ఇక వైరే గతి.

"అది కిర్రుకిర్రుమంటోందండీ. ఎప్పుడు కన్ను మూస్తుందో తెలీదు. అమ్మ పోయాక ఆ గొంతు ఇంకెక్కడా లేదు మనకి," అంది.

మాస్టారి గుండెల్లో రాయి పడింది. ఆ వీడియోలో అత్తగారు కుర్చీలో తీరిగ్గా కూర్చుని, అల్లుడు తన రేడియో బాగుచేసిన వైనం చెబుతుంది. మళ్ళీ బిగించాక గుప్పెడు స్క్రూలు మిగిలాయట. ఇవెక్కడివి నాయనా అంటే, కంపెనీ వాళ్ళు అదనంగా వేస్తారండీ అన్నాడట. ఆ మాట రాగానే అల్లుడుగారు మూతి ముడుచుకుని గదిలోంచి లేచిపోవడం కూడా అందులో ఉంది. బావమరిది ఇదేదీ చూడలేదు. చూస్తే ఇన్నేళ్ళుగా వాడికి మాస్టారు పీకిన క్లాసులన్నీ ఒక్క సాయంత్రంలో గంగపాలు.

అలాగని పంపించనంటే ఆవిడ మొహం చూడలేరు. అందుకని ఆయన ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. వీడియో వెళ్ళాలి. చుట్టాలు వెళ్ళాక చేరాలి.

అటక మీంచి సెంటర్ నాటి హబ్బు దించారు. హబ్బంటే నాలుగైదు కంప్యూటర్ల వైర్లు వచ్చి కలిసే డబ్బా. కొత్త డబ్బాలు బస్సెక్కి వెళితే, ఈ ముసలి హబ్బు దారిలో కనిపించిన ప్రతివాళ్ళనీ కుశలం అడుగుతూ నడిచి వెళుతుంది. దాన్ని పడగ్గది బీరువా వెనక దాచి, లాప్‌టాప్ వైరు మధ్యలో తగిలించి, కాపీ నొక్కారు. రాత్రి భోజనాల దాకా పడుతుందని స్క్రీను చెప్పింది. మాస్టారు లోపల్లోపల మురిసిపోతూ పైకి నిట్టూర్చారు.

ఆవిడ వచ్చి ఇదేమిటింత నత్తనడక అంది. ఫ్యాన్ల వల్ల అన్నారాయన. ఫ్యాన్లు ఆపింది. ఫ్రిజ్ కరెంటంతా లాగేస్తోందన్నారు. ఫ్రిజ్ ఆపింది. ఎండకి వైరు వేడెక్కుతోందన్నారు. కిటికీలు మూసి, కర్టెన్లు వేసి, లైట్లు కూడా తీసేసింది. ఇల్లంతా ఫోటోలు కడిగే చీకటిగదిలా తయారైంది. ఆ చీకట్లో మాస్టారు స్టూలు తన్నుకుని, బట్టల బుట్టలో బోర్లా పడి, అందులోంచే నెట్‌వర్క్ గురించి ఉపన్యాసం కొనసాగించారు.

ఆవిడ అంతా విని నెమ్మదిగా అంది, "సెంటర్లో మీరేం చెప్పేవారు? ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడమనేవారు కదా."

"అది స్టూడెంట్లకి."

"నేనూ స్టూడెంటునే."

మాటల్లో పడితే దొరికిపోతానని, కొత్త వైరు కొనుక్కొస్తానంటూ ఆయన బయటపడ్డారు. వైరు కొనలేదు. వీధి చివర టీ కొట్లో కూర్చుని, ఒక టీని ఎంత నెమ్మదిగా తాగొచ్చో అంత నెమ్మదిగా తాగారు.

తిరిగొచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ కిర్రుకిర్రు లేదు. పాత కంప్యూటర్ స్క్రీను నల్లగా ఉంది. దాని ముందు ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆగిపోయిందండీ," అంది.

అల్లుణ్ణి 'నాయనా' అని పిలిచిన గొంతు అది. ఇంటికి వెళ్ళినప్పుడల్లా పాడైన వస్తువేదో ఒకటి వెతికి మరీ ఆయన చేతిలో పెట్టిన మనిషి. నాలుగు స్క్రూల పరువు కోసం ఆ గొంతును చంపుకున్నానా అనుకుంటూ మాస్టారు పడగ్గదిలోకి పరిగెత్తి, బీరువా వెనక చెయ్యి పెట్టారు.

హబ్బు లేదు. వైరు తిన్నగా వెళ్ళి లాప్‌టాప్‌కి తగిలించి ఉంది.

గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది, చేతిలో హబ్బుతో.

"దీనికోసమేనా? లైట్లన్నీ తీయించారు కదా, బీరువా వెనక గోడ మీద పచ్చగా మిణుకుమంటూ కనిపించింది. పీకేసి, వైరు తిన్నగా తగిలించి, మళ్ళీ కాపీ నొక్కాను. మీ టీ అయ్యేలోపే వీడియో వచ్చేసింది. అప్పుడు నేనే కంప్యూటర్ ఆపాను."

మాస్టారు మంచం మీద కూలబడ్డారు. కోపం తెచ్చుకుందామనుకున్నారు గానీ, కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి.

సాయంత్రం అందరూ చూశారు. స్క్రూల దగ్గర బావమరిది సోఫాలోంచి జారి కింద పడ్డాడు. వీడియోలో అల్లుడు అలిగి వెళ్ళిపోయాడు. అక్కడినుంచి ఏముందో మాస్టారు ఎప్పుడూ చూడలేదు. అత్తగారు గుమ్మం వైపు తొంగిచూసి, గొంతు తగ్గించింది.

"వెళ్ళాడా? రేడియో బ్రహ్మాండంగా పాడుతోందే. ఎదురుగా మెచ్చుకుంటే రేపు గడియారం కూడా విప్పేస్తాడు."

ఆవిడా, అక్కా నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. మాస్టారు గోడగడియారం వైపు చూస్తూ కూర్చున్నారు.

అందరూ వెళ్ళాక ఆవిడ హబ్బు దుమ్ము దులిపి, పెళ్ళి ఫోటో పక్కన పెట్టింది. సెంటర్లో ఇది ఆమె కూర్చునే వరసలోనే ఉండేది. కాపీ నొక్కితే అయ్యేదాకా మాస్టారితో కబుర్లే.

"పక్క వరసలో కొత్త డబ్బా ఉండేది. వాళ్ళకి చిటికెలో అయిపోయేది," అంది ఆవిడ. "మా వరసకి ఇదే ఎందుకు పెట్టారండీ?"

మాస్టారు స్క్రూడ్రైవరు తీసి ఇంకో జేబులో పెట్టుకున్నారు.

"అప్పట్లో ఫైళ్ళు పెద్దవి," అన్నారు.

ఇంతేనండీ సంగతి. మీ వాళ్ళలో వైరు పట్టుకు తిరిగే మనిషి ఎవరైనా ఉంటే దీన్ని వాళ్ళావిడకి పంపించండి. ఎంత నెమ్మదిగా వెళ్ళినా పరవాలేదు.