అల్ఫియా పీకిన వైరు

ఆగండి, ఆగండి! చేతిలో పనేదైనా ఉంటే పక్కన పెట్టి ఇది వినండి. ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడి షట్టర్ పట్టపగలు పదింటికి దబేలుమని కిందికి దిగిపోవడానికీ, ఆ అంగడి పైవాటాలో కాపురముండే అల్ఫియా కంప్యూటర్‌కీ సంబంధమేమిటో మీకు చెప్పి తీరాలి.

ఆ ఉదయం అల్ఫియా అనుకున్నది చాలా చిన్న పని. తొమ్మిదికల్లా వంట ముగించడం, పదింటికల్లా తయారవడం, పదకొండింటికి కంప్యూటర్ ముందు కూర్చుని హైదరాబాద్ కంపెనీకి ఇంటర్వ్యూ ఇవ్వడం. ఇంట్లోంచే చేసుకునే ఉద్యోగం. కడపలో కంప్యూటర్ డిగ్రీ చదివింది కానీ, పెళ్లయిన ఈ నాలుగేళ్లలో ఆ డిగ్రీతో ఆమె చేసిందల్లా కువైట్‌లో ఉన్న భర్త ఉమైర్‌కి వీడియో కాల్ కలపడమే. ఈ పిలుపు తప్పితే మళ్లీ పిలుపు వచ్చే ఏడాదే.

తొమ్మిదిన్నరకి ఇంటర్వ్యూ సాఫ్ట్‌వేర్ ఎర్ర అక్షరాల్లో ఒక మాట చూపించింది. "మీ స్క్రీన్‌ను వేరొక ప్రోగ్రాం గమనిస్తోంది. దాన్ని తొలగిస్తేనే ఇంటర్వ్యూ మొదలవుతుంది."

వెతికితే దొరికింది. 'సిస్టం హెల్పర్' అని ఎంతో అమాయకమైన పేరు పెట్టుకుని కూర్చుంది. అల్ఫియా దాన్ని ఆపింది. మూడు సెకన్లలో మళ్లీ లేచింది. అన్‌ఇన్‌స్టాల్ చేద్దామంటే జాబితాలో దాని పేరే లేదు. ఫైలు చెరపబోతే వాడుకలో ఉంది, కుదరదంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి చెరిపి, హమ్మయ్య అనుకుని కంప్యూటర్ మళ్లీ ఆన్ చేస్తే, అది నెట్‌లోంచి తనను తాను దింపుకుని చక్కగా అదే చోట కూర్చుంది! ముందు నెట్ తెంపి, తర్వాత దాని వేర్లన్నీ చేత్తో ఒక్కొక్కటే ఏరి పారేయాలని ఫోన్‌లో చదివి తెలుసుకుంది.

కంప్యూటర్ వెనక వైరు తీస్తే సరిపోయేది. కానీ బీరువా అడ్డం, చెయ్యి పోదు. అందుకని గోడమీదున్న నెట్ పెట్టె వైరే లటుక్కున పీకేసింది.

ఆ పెట్టె ఆమె ఒక్కదానిది కాదు. మేడమీంచి వచ్చే నెట్ లైను ముందు పైవాటాలోకి దిగి, అక్కడినుంచి మెట్ల పక్కగా కింద కాశీవిశ్వనాథం బంగారు అంగట్లోకి పోతుంది. అంగడి కెమెరాలన్నీ దానిమీదే నడుస్తాయి. ఆయన ఆ పూట జమ్మలమడుగులో బంధువుల పెళ్లిలో కూర్చుని, తాళిబొట్టు కంటే ఎక్కువగా ఫోన్‌లో తన అంగడినే చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఫోన్‌లో బొమ్మ నల్లబడింది. వెంటనే అంగట్లో ఉన్న భార్య కనకమ్మకి ఫోన్ చేశాడు. ఒకసారి దొంగల చేతిలో దెబ్బతిన్నాక ఆ అంగడికొక రూలుంది. కెమెరా ఆగితే షట్టర్ దించాలి. దించాక సరుకంతా తూకం సరిపోయేదాకా లోపలున్న ఒక్కరూ బయటికి పోకూడదు.

లోపల పెళ్లి నగలు కొనడానికి చాపాడు నుంచి వచ్చినవారు ఐదుగురున్నారు. తెగిన వెండి పట్టీలకు టాకీ వేయించి అతికించుకోవడానికి వచ్చిన అల్ఫియా అత్త జైబున్నీసా కూడా ఉంది. ఆమె నుంచే ఫోన్ వచ్చింది.

"బేటీ, యాడుండావే? ఈడ నన్ను లోపలేసినారు!"

"ఎవురమ్మీ?"

"కనకమ్మ! కెమెరా బొమ్మ ఆగిపోయిందంట. నా పట్టీలు గూడా వాళ్ల తట్టలోకే పోసి తూస్తాండారు. నూటపది గ్రాముల వెండి ఎక్కువొచ్చిందంట, మళ్లీ మొదట్నుంచి తూయాలంట!"

వెనక కనకమ్మ గొంతు వినపడింది. "కోప్పడొద్దు జైబున్నీసమ్మా. దొంగతనమైతే తక్కువ రావాల గదా, ఎక్కువెట్లొచ్చింది? అదే నాకి అనుమానం."

అల్ఫియాకి విషయం అర్థమైంది. వైరు ఇప్పుడే పెడితే సగం తీసిన ప్రోగ్రాం మళ్లీ పూర్తిగా దిగిపోతుంది. టైం పదీ ఇరవై.

"పది నిమిషాలు ఓర్చుకో అమ్మీ."

"పది నిమిషాలా! నాకి షుగరే!"

అయినా వైరు పెట్టలేదు. పాపమే, కానీ పెట్టలేదు. మూడు సెకన్లకోసారి దాన్ని నిద్రలేపే ఆదేశమొకటి దొరికితే చెరిపేసింది. కంప్యూటర్ వెలగ్గానే దాన్ని పిలిచే ఇంకో ఆదేశం లైను కోసం వెతుకుతుండగా అత్త మళ్లీ ఫోన్ చేసింది.

"ఉమైర్‌కి చెప్పినా. నా గతి ఏందని ఒక్క ముక్క అడగల్యా వాడు! 'అంగట్లోది గూడా ఆగిందా? నాకి ఇంట్లోది రావడంల్యా అమ్మీ' అన్నాడు."

అల్ఫియా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. "ఇంట్లోది ఏంది?"

"అదే... కంప్యూటర్ బొమ్మ. పోయిన రంజాన్‌కి వచ్చినప్పుడు ఏందో పెట్టిపోయినాడు లే. నీ మంచికే."

అల్ఫియాకి ఒకరోజు గుర్తొచ్చింది. నడుం నొప్పికి ఇంటి వైద్యం కోసం కంప్యూటర్‌లో వెతికిన రోజు. ఆ సాయంత్రమే ఉమైర్ ఫోన్ చేసి "నడుము ఎట్లుండాది?" అని అడిగాడు. ఎవరికీ చెప్పని నొప్పి అంత దూరంలో ఉన్న మనిషికి ఎలా తెలిసిందని మురిసిపోయి, పులివెందులలో ఉన్న అక్క జువేరియాకి వారంపాటు అదే చెప్పింది. అక్క కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది.

అల్ఫియా ఇప్పుడు ఏడవలేదు, టైం లేదు. ఆ చివరి లైను చెరిపింది. ఫోల్డర్ చెరిపింది. లేచి వైరు పెట్టింది. మూడు సెకన్లు చూసింది, ముప్ఫై సెకన్లు చూసింది. ఇక అది లేవలేదు. ఎక్కువొచ్చిన వెండి అత్త పట్టీలదేనని తేలి, కెమెరాలూ వెలగడంతో కింద షట్టర్ గర్రుమంటూ పైకి లేచింది. పదకొండుకి ఐదు నిమిషాలుండగా కువైట్ నుంచి ఫోన్.

"కంప్యూటర్‌కేం చేసినావు?"

"దొంగ ప్రోగ్రాం ఉంటే పీకేసినా."

"దొంగదేంది? నీ భద్రం కోసం పెట్టినా. ఆన్‌లైన్లో ఎన్ని మోసాలు జరుగుతాండాయో తెల్సునా నీకి?"

"తెల్సు. పొద్దన్నుంచి ఒకటి పట్టుకోనుండా."

"మాటలు శానా నేర్చినావే!"

"ఇంటర్వ్యూకి పనికొస్తాయిలే" అని పెట్టేసింది.

ఇంటర్వ్యూ చేసిన అమూల్య మేడం మంచి మనిషి. "ఈమధ్య మీకెదురైన కష్టం, దాన్ని దాటిన తీరు చెప్పండి" అంది. ఈమధ్య ఏమిటి, అరగంట కిందటిదే ఉంది! భర్త సంగతి మింగేసి మిగతాదంతా చెప్పింది అల్ఫియా. మేడం నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. మూడింటికల్లా ఉద్యోగం ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చేసింది.

అందులో మొదటి షరతు ఇదీ. కంపెనీవారి ప్రోగ్రాం కంప్యూటర్‌లో పెట్టుకోవాలి. అది ఐదు నిమిషాలకోసారి స్క్రీన్‌ను, పది నిమిషాలకోసారి మనిషిని ఫొటో తీస్తుంది. తీసేయాలని చూస్తే ఉద్యోగం పోతుంది. కింద అమూల్య మేడం విడిగా ఒక మాట చేర్చింది: "ఇలాంటివి తీయడంలో మీ ప్రతిభ విన్నాం కనుక, మీకు మాత్రం గట్టి రకం పంపిస్తున్నాం."

స్క్రీన్ మీద రెండు బటన్లు వెలుగుతున్నాయి. అంగీకరిస్తున్నాను, అంగీకరించడం లేదు. ఉత్తరం సంగతి అత్త అప్పుడే కొడుక్కి చేరవేసినట్టుంది, పక్కన ఫోన్‌లో ఉమైర్ మెసేజ్: "ముబారక్! కంపెనీ ప్రోగ్రాం పాస్‌వర్డ్ ఏందో నాకి గూడా పంపు."

అల్ఫియా వేలు ఇంకా గాల్లోనే ఉంది. ఏమండీ, మీరైతే ఏది నొక్కుతారు?