నూరు అడుగులకో ఆలోచన

ఆలోచన గదిలో పుట్టదని, ఆరుబయట సాటి ఉద్యోగులతో కలిసి నడిస్తేనే పుడుతుందని అశోక్‌నగర్‌లోని సుపాత్ర ప్యాకింగ్స్ వారు మొన్న జూలైలో అధికారికంగా తేల్చారు. అంతకుముందు గదిలో పుట్టిన ఆలోచనలన్నీ (రెండు) అదే ఉత్తర్వులో రద్దయ్యాయి.

ఉత్తర్వును గోడకు అంటించినవాడు మాసయ్య. ఆ ఆఫీసులో అటెండరు. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి పట్నం వచ్చి ముప్పై ఏళ్ళయింది. కవాడిగూడ నుంచి ఆఫీసుకు రోజూ నడిచే వస్తాడు, నడిచే పోతాడు. అది నడక కిందికి రాదు. నడక అంటే ఏమిటో ఉత్తర్వు రెండో పేరాలో ఉంది: "ఇద్దరికి తగ్గకుండా, ఒక చెట్టయినా కనబడేలా, యాప్ తెరిచి ఉంచి సాగించు గమనం." మాసయ్య ఒక్కడే వస్తాడు. చెట్లు కనబడతాయి గానీ ఆయన ఫోనులో బటన్లు తప్ప ఏమీ లేవు.

చివరి పేరాను మాసయ్య రెండుసార్లు చదివాడు. (మూడో తరగతితో బడి మానేసినవాడు కనుక, నెమ్మదిగా.) శుక్రవారం సాయంత్రం లోపు ఒక్క ఆలోచనైనా నమోదు చేయని ఉద్యోగి, ఏ స్థాయి వారైనా సరే, వచ్చే నెల నుంచి రానక్కరలేదు.

ఇంట్లో భార్య ఆశమ్మ అడిగింది.

"ఏందట?"

"ఆలోచన జెయ్యాల్నట."

"నువ్వా?" అని ఆశమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. చివరి పేరా సంగతి విన్నాక నవ్వడం మానేసింది.

ఆలోచించవలసిన విషయం సాంబారు. చిక్కడపల్లి కర్రీపాయింట్లలో సాంబారు కవరు మూతికి దారం చుట్టి ముడేస్తారు. ఇంటికి వచ్చాక ఆ ముడి ఊడదు. పళ్ళతో కొరికితే సాంబారు గిన్నెలోకి కాక చొక్కా మీదికి వస్తుంది. ఇది తీర్చమని కర్రీపాయింట్ల సంఘం సుపాత్ర వారికి అప్పగించి పది నెలలు. శుక్రవారంతో వాళ్ళ ఓపికా అయిపోతుంది.

సోమవారం నడక మొదలైంది. ముందు మేనేజరు ధర్మారావు గారు, ఆయన పక్కన నడక సమన్వయాధికారి నిహారిక, వెనుక నలుగురు డిజైనర్లు, అందరి వెనుక నీళ్ళ సీసాల సంచితో మాసయ్య. ఇద్దరిద్దరుగా నడవాలని నిబంధన. ఏడోవాడికి జత లేనందున సంచినే జతగా పరిగణించారు. నారాయణగూడ ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరుకూ, బైకులకూ, పోటీ పరీక్షల పుస్తకాల గుట్టలకూ పోను ఒక్క మనిషికి చోటు మిగిలింది. కనుక ప్రతి జతలో ఒకరు రోడ్డు మీద బస్సులకు ఎదురుగా నడిచి, వంతులు మార్చుకోవాలని అక్కడికక్కడే సవరణ వెలువడింది.

యాప్ నూరు అడుగులకోసారి "ఆలోచన వచ్చిందా?" అని అడిగేది. అవునంటే ఎనిమిది గడుల ఫారం. లేదంటే కారణం రాయాలి. అందరూ ఆగి, తల వంచి రాసేవారు. ఎక్కువమంది రాసిన కారణాలు "దుమ్ము", "హారన్లు", "ధర్మారావు గారు మాట్లాడుతున్నారు". (మూడోదాన్ని బుధవారం చెల్లే కారణాల జాబితాలోంచి తీసేశారు.) నడిచేవాడికి పది నిమిషాల దారి కంపెనీకి గంటా పది నిమిషాలు పట్టింది.

"ఏమయ్యా మాసయ్యా, నీకేమైనా వచ్చిందా?" అన్నారు ధర్మారావు గారు.

"చెమట వచ్చింది సార్."

గురువారం ఆకాశం చూస్తూ నడవమన్నారు. ఒక డిజైనరు చెప్పు మురికి కాలువలో పడి కొట్టుకుపోయింది. మిగతా దారంతా యాప్ అతని అడుగుల్లో సగమే లెక్కవేసింది.

శుక్రవారం మధ్యాహ్నం నూరో అడుగు, ఎప్పటిలాగే, బుగ్గమ్మ కర్రీపాయింటు ముందు పడింది. అందరూ ఆగారు. బుగ్గమ్మ గరిటె పక్కన పెట్టింది.

"ఏంది సారూ, రోజొచ్చి నా దుకాణం ముంగట నిలవడి ఫోన్లు సూస్తరు. కూర గొనరు, కదలరు. నాకు గిరాకి ఎట్లయితది?"

"మేం మీ సాంబారు గురించే ఆలోచిస్తున్నామమ్మా," అన్నారు ధర్మారావు గారు.

"ఏమైంది, అండ్ల ఏమన్న పడ్డదా?" బుగ్గమ్మ గిన్నెలోకి తొంగి చూసింది.

మాసయ్య ఆమె చేతుల వంకే చూస్తున్నాడు. ఐదు రోజుల్లో ఆయన తనంతట తానుగా నోరు విప్పడం అదే మొదలు.

"అక్కా, బర్రెను కట్టేసినట్టు కట్టరాదు?"

దారం తీసుకున్నాడు. సాంబారు నింపిన కవరు మూతికి రెండు చుట్లు చుట్టి, కొస మొత్తం లాగేయకుండా మడిచి సందులోకి తోశాడు. కవరును తలకిందులు చేశాడు. చుక్క పడలేదు. నిలబెట్టి, కొస పట్టి గుంజాడు. ముడి ఊడింది.

"ఓయమ్మ! మా నాయన గూడ గిట్లనే కడుతుండె," అంది బుగ్గమ్మ. "యాదికే రాలె సూడు."

నిహారిక చప్పట్లు కొట్టి, వెంటనే ఫారం తెరిచింది. "మాసయ్య గారూ, ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది?"

"మా ఊర్ల."

నిహారిక ముఖం వాడింది. "సార్, నడక మార్గానికి బయట పుట్టిన ఆలోచన చెల్లదు. ఫారం తీసుకోవట్లేదు."

మాసయ్య సంచి భుజానికి ఎత్తుకున్నాడు. ఆశమ్మకు ఎలా చెప్పాలా అని చూస్తున్నాడు, నేల వంక.

ధర్మారావు గారు కళ్ళు మూసుకుని ఉత్తర్వు రెండో పేరాను తలచుకున్నారు. "బర్రెలు ఆరుబయటే కదా నడిచేవి?" అని మాసయ్యను అడిగారు.

"అవును సార్."

"ఒక్కటే నడుస్తుందా?"

"లేదు సార్, మందల నడుస్తది."

"చెట్లు?"

"కనవడ్తయి సార్."

"నిబంధన పూర్తయింది. రాసెయ్యమ్మా," అన్నారు ధర్మారావు గారు. బుగ్గమ్మ సంతోషంతో అందరికీ తలా ఒక మిర్చిబజ్జీ పెట్టింది. (అది నమోదు కాలేదు. గడి లేదు.)

సోమవారం ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఈసారి దాన్ని ధర్మారావు గారే స్వయంగా అంటించారు. మాసయ్య ఇక అటెండరు కాడు, సృజన సహాయకుడు. కంపెనీ ఫోను ఇచ్చారు. ఆయన అడుగులు ఇకమీదట కంపెనీ ఆస్తి. వాటిని కవాడిగూడ దారిలో ఒంటరిగా, యాప్ లేకుండా వృథా చేయరాదు. అందుకని పొద్దున ఆటో వస్తుంది, సాయంత్రం ఆటో దింపుతుంది.

మూడు నెలలైంది. చిక్కడపల్లిలో కవర్లు గుంజితే ఊడుతున్నాయి. మాసయ్య రోజూ పది గంటలకు అందరితో కలిసి నడుస్తాడు. నూరు అడుగులకోసారి యాప్ అడుగుతుంది. ఆయన "లేదు" నొక్కి, కారణం గడిలో నెమ్మదిగా రాస్తాడు: "ఆటోల వచ్చిన."