మమతారాణికి గల్లీ చేసిన వైద్యం

ఆందోళనకో, వదలని అనుమానాల జబ్బు ఓసీడీకో థెరపీ మొదలుపెట్టాలనుకుంటున్నారా? తొందరపడకండి! ముందు మీ గల్లీలో దొరికే ఉచిత వైద్యమంతా వాడుకోండి. ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ లేదు. వైద్యులే మీ ఇంటికొచ్చి, మీ చాయ్ తాగి మరీ సలహా ఇచ్చిపోతారు. ఇంతటి భాగ్యం ఏ మహానగరంలో ఉంది?

నమ్మకం కుదరకపోతే శ్రీరాంపూర్ మమతారాణి సంగతి వినండి.

ఆమె మంచిర్యాలలో ఒక కళ్లద్దాల దుకాణంలో పనిచేసేది. రోజూ స్కూటీ మీద వెళ్లి వచ్చేది. మన రోడ్ల సంగతి తెలిసిందేగా, గుంతకూ గుంతకూ మధ్య అక్కడక్కడా రోడ్డు ఉంటుంది. ఒకనాడు స్పీడ్‌బ్రేకర్ మీద బండి ఎగిరిపడగానే ఆమెకు ఒక అనుమానం పుట్టింది. ఎవరినైనా గుద్దానా? వెనక్కి వెళ్లి చూసింది. ఎవరూ లేరు. కదిలింది. సరిగ్గా చూశానా? మళ్లీ వెనక్కి!

అది మొదలు, బండి కుదిపినప్పుడల్లా ఆమె మనసులో ఒక మనిషి రోడ్డు మీద పడిపోయేవాడు.

ఓసారి రోడ్డు పక్క తుప్పల్లోకి తొంగి చూస్తుంటే ఎవరో పెద్దాయన ఆగాడు.

"ఏం పోయింది బిడ్డా?"

"ఏం పోలే."

ఏమీ పోకుండానే తుప్పలు వెతుకుతారా? బంగారమే అయి ఉంటుందని ఆయన తేల్చాడు. కాసేపట్లో దారిన పోయేవాళ్లంతా దిగి తుప్పలు గాలించారు. ఒకాయనకు నిజంగానే ఎవరిదో వెండి పట్టీ దొరికింది! "గిదేనా?" అని చూపిస్తే మమతారాణికి ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడుస్తోందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక భర్త వెంకటేశ్‌ను పట్టుకునేది.

"నేను ఎవల్ని గుద్దలే గద?"

"గుద్దలే."

"నిజంగ?"

"అవ్వతోడు, గుద్దలే."

ఆ మాటతో ప్రాణం కుదుటపడేది. కాసేపే! అన్నం తినడం పూర్తయ్యేలోగా మళ్లీ అదే ప్రశ్న.

ఇక గల్లీ రంగంలోకి దిగింది. పక్కింటి సక్కుబాయి దిష్టి అని తేల్చి మిరపకాయలు తిప్పేసింది. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన హనుమండ్లు "కాళీగ కూసుంటె గిట్లనే అయితది" అన్నాడు, పొద్దంతా దుకాణంలో నిలబడి పనిచేసే మనిషితో! పిల్లలు పుడితే పోతుందని ఒకామె. "గిది ఓసీడీ అట, నాగ్గూడ ఉన్నది, ఇల్లు నీట్‌గ లేకుంటె నిద్ర పట్టది" అని ఇంకొకామె గర్వంగా చెప్పుకుంది. శుభ్రతకు ఇచ్చే బిరుదనుకుంది పాపం! బాసర వెళ్లి మొక్కుకోమన్నారు. వెళ్లింది. బస్సు ఎగిరినప్పుడల్లా లేచి వెనక అద్దంలోంచి రోడ్డు చూసింది.

ఇందరు నిపుణులు చెయ్యి వేశాక జబ్బు ఏం కావాలి? పెరిగింది! ఆమె స్కూటీ ముట్టడం మానేసింది. ఆటో ఎక్కినా "జర ఆపు భయ్యా" అని సగం దారిలో దిగి చూసేది. రోజూ ఆలస్యమే. ఇలాగైతే రావద్దని దుకాణం యజమాని చెప్పేశాడు. ఒక పొద్దున ఆమె వంటింట్లో కూలబడి, "నన్ను పోలీసుల కాడికి తోల్కపో. నేనే ఒప్పుకుంట" అంది. ఏం ఒప్పుకోవాలో ఆమెకే తెలియదు.

అప్పుడు వెంకటేశ్ ఎంతటి తెలివితక్కువ పని చేశాడో చూడండి. ఇంత గల్లీని కాదని, భార్యను కరీంనగర్‌లో సైకాలజిస్ట్ అజ్రా మేడం దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఎప్పటి సంది గిట్లున్నది?" అని అడిగిందామె.

"రెండేండ్లాయె మేడం" అన్నాడు వెంకటేశ్.

"మరి గిన్ని దినాలు ఏం జేసిన్రు?"

"వైద్యం జేయించినం."

"ఎవలతోని?"

"మా గల్లీతోని."

మేడం నవ్వలేదు. దిష్టి తీయలేదు, మొక్కు చెప్పలేదు. ఇదేం వైద్యం?

"గా ఆలోచన రాకుంట నేను ఆపలేనమ్మా" అంది మమతారాణితో. "అచ్చినంత మాత్రాన నువ్వు తప్పు జేసినట్టు గాదు. అచ్చినా ఎన్కకు పోకుంట ఉండుడు మెల్లమెల్లగ నేర్చుకుందాం. మొదట్ల భయం ఇంక ఎక్కువైతది. ఓర్సుకోవాలె." తర్వాత వెంకటేశ్ వైపు తిరిగింది. "గుద్దలే అని మీరు చెప్పినకొద్ది అనుమానం పెరుగుతది. చెప్పుడు బంద్ జేయాలె."

"మరేమనాలె?"

"'ఏమో' అనుర్రి."

పెళ్లయ్యాక వెంకటేశ్‌కు ఇంత కష్టమైన పని పడలేదు. కళ్లనిండా నీళ్లతో భార్య అడుగుతుంటే "ఏమో" అనాలి! అనేసి, నోరు జారుతుందన్న భయంతో వెళ్లి గిన్నెలు తోమేవాడు. ఆ ఇంట్లో గిన్నెలు అంతలా మెరిసింది ఎన్నడూ లేదు.

నెలలు పట్టింది. ముందు కాలనీలో, తర్వాత రోడ్డు మీద భర్తను వెనక కూర్చోబెట్టుకుని నడిపింది. కొన్నాళ్లు బాగుండేది, కొన్నాళ్లు మళ్లీ మొదటికొచ్చేది. యజమాని మళ్లీ రమ్మన్నాక, ఒక పొద్దున ఒంటరిగా మంచిర్యాల బయల్దేరింది. స్పీడ్‌బ్రేకర్ మీద బండి ధడేల్‌మంది.

"ఓ మమతా! ఆగు బిడ్డా!" వెనక నుంచి కేక.

చెయ్యి బ్రేకు మీదికి పోయింది. "ఏమో" అనుకుంది. ముందుకే పోయింది.

ఆ కేక హనుమండ్లుది. పడింది ఆమె టిఫిన్ డబ్బా.

సాయంత్రం ఆయన సొట్టబోయిన డబ్బాతో వచ్చాడు. గల్లీ అంతా చేరింది. "గింతగనం మొత్తుకున్నా ఎన్కకు జూడలే!" అని ఆయన ఫిర్యాదు. పొద్దంతా పస్తున్న మమతారాణి ఆ డబ్బాను గుండెకు హత్తుకుని నవ్వింది. నవ్వుతూనే ఉంది.

గల్లీ మొహమొహాలు చూసుకుంది. ఆమె రెండేళ్లు ఏడ్చినప్పుడు ఒక్కరికీ తట్టని ఆలోచన, ఇప్పుడు అందరికీ ఒకేసారి తట్టింది.

సక్కుబాయి వెంకటేశ్‌ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"జర మంచి డాక్టర్‌కు సూపియ్యి బిడ్డా."