కౌన్సిలర్ గారి కారు నడిపిందెవరు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. ఆయన మాట్లాడరు, ప్రకటిస్తారు. ముప్ఫై ఒక్కేళ్ల కాపురంలో ఉప్పు ఇలా అందుకో అని అడిగిన గుర్తు లేదు. "ఈ జావలో ఉప్పు విషయమై తక్షణ చర్యలు అవసరం," అంటారు. స్కాట్లాండులో పిట్‌కార్డీ అనే మా చిన్న రేవు ఊరి నుంచి మూడుసార్లు కౌన్సిలరుగా నెగ్గిన మనిషి, రోడ్ల కమిటీకి కన్వీనరు, పేరు ఫెర్గస్ అకర్‌లోనీ. అంతటివారు ఇంట్లో ఉన్నప్పుడు మిగతావాళ్లు కాస్త తగ్గి ఉండాలి. నేను తగ్గే ఉంటాను. ఉప్పు మాత్రం నా వైపు పెట్టుకుంటాను.

పోయిన ఆగస్టులో ఒక పొద్దున జావగిన్నె ముందు లేచి నిలబడ్డారు.

"సోమవారం నుంచి పిట్‌కార్డీ హార్బరుకి పార్కింగ్ అరాచకం నుంచి విముక్తి."

"అక్కడ ఎన్ని కార్లుంటాయండీ?"

"రద్దీ వేళ పదకొండు."

ఆ పదకొండు కార్లనీ అదుపులో పెట్టడానికి ఇంగ్లండు నుంచి ఒక ప్రైవేటు కంపెనీని రప్పించారు. కౌన్సిలుకి పెన్నీ ఖర్చు లేదు. తొంభై నిమిషాలు ఉచితం, ఆపైన ఒక్క నిమిషమైనా వంద పౌన్లు. నంబరు ప్లేటుని కెమెరాయే చదువుకుంటుంది, ఉత్తరం దానంతటదే ఇంటికొస్తుంది. మనిషి ప్రమేయం లేని పాలన అంటే ఇదే అన్నారు. మా ఆయన ప్రమేయం లేని పాలన ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఎప్పట్నుంచో ఉంది.

ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. సన్నగా వాన. రిబ్బను కత్తిరించి, మా ఆయన హార్బరు గతం, వర్తమానం, భవిష్యత్తు గురించి వరసగా మాట్లాడారు. భవిష్యత్తు దాకా నిలబడి విన్నవాళ్లు నలుగురు. వాళ్లలో ఇద్దరు బ్యాగ్‌పైప్ వాయించేవాళ్లు. వాళ్లకింకా డబ్బులు ముట్టలేదు.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. ఆ కంపెనీ పిట్‌కార్డీలో పంపిన మొట్టమొదటి చలానా. ప్రారంభోత్సవం రోజున మా కారు నూట పదిహేడు నిమిషాలు ఉందట. ఆయన వెంటనే ఫోన్ స్పీకరులో పెట్టారు, నేను కూడా నేర్చుకోవాలని.

"నేను కౌన్సిలర్ అకర్‌లోనీని."

"కారు నంబరు చెప్పండి సర్."

"మిమ్మల్ని ఈ ఊరికి తెచ్చిందే నేను."

"థాంక్యూ సర్. కారు నంబరు?"

"ఆ రోజు నేను మీ పార్కింగునే ప్రారంభిస్తున్నానమ్మా. రిబ్బను కత్తిరించాను."

"ఎంతసేపు కత్తిరించారు సర్?"

రాతపూర్వకంగా అప్పీలు పెట్టుకున్నారు. జవాబు మర్యాదగానే వచ్చింది. గుండెనొప్పి, కాన్పు, కారు చెడిపోవడం మినహాయింపుల జాబితాలో ఉన్నాయి, ఉపన్యాసం లేదు.

"కట్టేద్దామండీ," అన్నాను.

"కడితే పేపరు వాళ్లు ఏం రాస్తారో ఆలోచించావా?"

ఆలోచించాను. తానే తెచ్చిన పార్కింగులో తానే దొరికిన కౌన్సిలరు అని రాస్తారు. ఎన్నికలు మే నెలలో. పోయినసారి రోనా రింటౌల్ అనే బడిపంతులమ్మ మీద మా ఆయన గట్టెక్కింది ముప్ఫై ఎనిమిది ఓట్లతో. వంద పౌన్లు మా దగ్గరున్నాయి. ముప్ఫై ఎనిమిది ఓట్లే సర్దుబాటు కావడం కష్టం.

అందుకని వాటీ ఇమ్రీని టీకి పిలిచాం. వాటీ మా వీధిలోనే ఉంటాడు, కోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మా ఆయనా అతనూ ఒకే బెంచీలో చదువుకున్నారు. ఉత్తరం రెండు వైపులా చదివి, బిస్కెట్టు టీలో ముంచాడు.

"ఒరే ఫెర్గస్, వీళ్లు ఇక్కడ రాసింది ఇంగ్లండు చట్టంరా. అక్కడ డ్రైవరెవరో తేలకపోతే కారు ఎవరి పేరున ఉందో వాళ్ల మెడకి చుడతారు. మన దగ్గర అది ఇంకా అమల్లోకి రాలేదు. ఇక్కడ ఒప్పందం డ్రైవరుతోనే. ఆ డ్రైవరు ఎవరో వాళ్లే రుజువు చేసుకోవాలి. నువ్వు చెప్పక్కర్లేదు."

"అంటే అబద్ధం చెప్పాలా?"

"అక్కర్లేదురా. నోరు మూసుకుంటే చాలు."

నేను మా ఆయన ముఖం చూశాను. అబద్ధమే కాస్త సులువుగా ఉండేది.

"కోర్టు కాగితం వస్తే మాత్రం పక్కన పడేయొద్దు చెల్లెమ్మా," అన్నాడు వాటీ నాతో. "గడువు లోపల జవాబివ్వకపోతే వాళ్లు అడిగిందే ఖాయమైపోతుంది."

ఆ రాత్రి భోజనం దగ్గర మళ్లీ ప్రకటన వెలువడింది. "ఇది వంద పౌన్ల గొడవ కాదు. ఇంగ్లండు చట్టాన్ని మన గడ్డ మీద రుద్దుతున్నారు. నేను చూస్తూ ఊరుకోను."

"ఆ కంపెనీని తెచ్చింది మీరే కదండీ?"

"తెచ్చింది వ్యాపారాన్ని. చట్టాన్ని తెమ్మనలేదు."

ఇలాంటి తేడాలు పట్టుకోవడం అందరికీ చేతకాదు.

జనవరిలో కోర్టు కాగితం వచ్చింది. జవాబు ఫారం నేనే నింపాను, నా చేతిరాత బాగుంటుందని. ఒప్పుకోవడం లేదు అన్నచోట టిక్కు పెట్టి, కింద ఒకే ఒక్క వాక్యం రాశాను: ఆ రోజు డ్రైవరు ఎవరో రుజువు చేయాల్సింది కంపెనీ. వాటీ చూసి, ఇక కలం మూసెయ్ చెల్లెమ్మా అన్నాడు. ఒక్క వాక్యంతో ఆగడం మా ఆయన వంశంలో లేదు. కలం లాక్కుని కింద చేర్చారు: పైగా అక్కడ పార్కింగు షరతులు రాసిన బోర్డు కొంగకి కూడా అందనంత ఎత్తులో ఉంది, అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఏ మామూలు మనిషీ చదవలేడు, చదవలేని షరతుకి ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది?

నిజం చెప్పాలంటే అది మంచి పాయింటే. వాటీ కూడా కాదనలేకపోయాడు.

ఈలోగా ఊళ్లో అరవై మందికి పైగా చలానాలు వచ్చాయి. బేకరీ జెస్సీ గౌర్లే ఒక్కదానికే మూడు. ఆమె వ్యానులోంచి రొట్టెలు దించుకునేది హార్బరులోనే. శనివారం మేం బ్రైడీలు, అంటే మాంసం కూరిన కజ్జికాయలు, కొనడానికి వెళ్తే కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగింది.

"కౌన్సిలర్ గారూ, నావి కట్టాలా, మానాలా?"

"కౌన్సిలరుగా చెప్తున్నాను. కట్టాలి. చట్టానికి అందరం తలవంచాలి."

"మరి మీరు కోర్టుకెక్కారట కదా?"

"అది పౌరుడిగా."

"నేనూ పౌరురాలినే కదండీ."

"మీరు కౌన్సిలరు కాదు కదమ్మా. నాకున్న ఇబ్బంది మీకు లేదు."

జెస్సీ బ్రైడీలు కట్టిచ్చి, కాగితం సంచికి విడిగా డబ్బు తీసుకుంది.

ఆ వారమే ఎన్నికల కరపత్రాలు అచ్చయ్యాయి. హార్బరుకి క్రమశిక్షణ తెచ్చిన నాయకుడు అని పెద్ద అక్షరాలు, పక్కన ప్రారంభోత్సవం ఫొటో. పొద్దున్నే కౌన్సిలులో ఆ పార్కింగుని పొగిడేవారు, సాయంత్రం వంటింట్లో దాని మీద వాదన ప్రాక్టీసు చేసేవారు. ఎక్కడా తడబడలేదు. మూడు వేల కరపత్రాలు మెట్లెక్కి దిగి ఇంటింటి తలుపు సందులో నేనే వేశాను. వారం రోజులు మోకాళ్లకి వేడి కాపడం పెట్టుకున్నాను.

మార్చి ఏడున కోర్టు. ఇలాంటి చిన్న దావాల్లో పక్కన కూర్చునే తోడుమనిషిని తెచ్చుకోనిస్తారు. కాగితాలు అందించొచ్చు, చెవిలో చెప్పొచ్చు, పైకి మాట్లాడకూడదు. ఇంట్లో చేసే పనే కనక నేనే వెళ్లాను. వెనక బల్లల మీద పిట్‌కార్డీ వాళ్లు నలభై మంది కూర్చున్నారు. జెస్సీ, వాటీ, రోనా రింటౌల్ ముందు వరసలో. రోనా మినహా అందరి హ్యాండ్‌బ్యాగుల్లోనూ, జేబుల్లోనూ చలానాలున్నాయి. రోనా సైకిలు మీద తిరుగుతుంది.

పీఠం మీద షెరిఫ్ (మా దగ్గర జడ్జిని అలాగే అంటారు), అరవయ్యేళ్లావిడ, కళ్లజోడు ముక్కు చివర. కంపెనీ లాయరు మిస్ డనెట్ అనే చిన్న వయసు అమ్మాయి.

"కారు నడిపిందెవరు?" అన్నారు షెరిఫ్.

"కారు మిస్టర్ అకర్‌లోనీ పేరున ఉంది, మై లేడీ."

"నేనడిగింది అది కాదు. మీ ఉత్తరాల్లో చెప్పిన చట్టం ఇంగ్లండుది. ఈ భవనం స్కాట్లాండులోనే ఉందని నా నమ్మకం."

వెనక బల్లలు కిర్రుమన్నాయి. మా ఆయన ఛాతీ విరుచుకున్నారు. మిస్ డనెట్ మాత్రం తొణక్కుండా ఒక రంగు కాగితం పైకిచ్చింది. మా కరపత్రం. ఫొటోలో మా ఆయన డ్రైవరు సీట్లోంచి ఒక కాలు బయటపెట్టి, తాళంచెవి పట్టుకున్న చేయి ఊపుతున్నారు. వెనక రిబ్బను ఇంకా కత్తిరించలేదు. కింద ఆయన రాసిన మాట: డ్రైవరు లేడు, డాబు లేదు, నా కారు నేనే నడుపుతాను.

"ఇది మీకెక్కడిది?"

"మా పిన్నిది పిట్‌కార్డీ, మై లేడీ. తలుపు సందులోంచి పడిందట."

నా మోకాళ్ల శ్రమ ఎక్కడికి చేరిందో అప్పుడు తెలిసింది.

మొదటి వాదన మీద ఇంకేమైనా చెప్తారా అని షెరిఫ్ అడిగారు. వాటీ నేర్పినట్టు మా ఆయన నోరు మూసుకునే ఉన్నారు. దానివల్ల అప్పటికి పెద్ద లాభం లేదు. ఇక మిగిలింది బోర్డు.

బోర్డు మీద పన్నెండు నిమిషాలు మాట్లాడారు. మెడ ఎంత వెనక్కి వంచాలో వంచి చూపించారు. వాన రోజుల్లో ముసలివాళ్ల అవస్థ వర్ణించారు. జెస్సీ కళ్లు తుడుచుకుంది, జలుబు కూడా ఉందనుకోండి. షెరిఫ్ తలూపారు.

"చదవలేని బోర్డుతో ఒప్పందం కుదరదు. మీ మాట నిజమైతే ఈ దావా నిలవదు."

మిస్ డనెట్ మళ్లీ లేచింది. ఈసారి తెల్ల కాగితం. పోయిన జూన్ రోడ్ల కమిటీ మినిట్సు. బోర్డు సైజు, ఎత్తు, అక్షరాలు ఆమోదించిన తీర్మానం. కన్వీనరు గారి మాటలు ఉన్నవి ఉన్నట్టు చదివింది: "కళ్లజోడు మర్చిపోయిన ముసలమ్మ కూడా చదవగల బోర్డు ఇది. అక్షరం అక్షరం నేనే పరిశీలించాను."

షెరిఫ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మిస్టర్ అకర్‌లోనీ, రెండూ మీ మాటలే. ఆ రోజు చెప్పింది తప్పా, ఇవాళ చెప్పింది తప్పా?"

ఇవాళ్టిది తప్పంటే వంద పౌన్లూ కట్టాలి, పేపర్లోకి ఎక్కాలి. ఆ రోజుది తప్పంటే నలభై మంది చలానాలు చించేసుకుంటారు, కరపత్రంలో ఉన్న ఒక్క ఘనకార్యమూ పోతుంది. మా ఆయన నా వైపు వంగారు.

"ఐల్సా, ఏది చెప్తే తక్కువ పోతుంది?"

"లెక్క వేశానండీ. రెండూ సమానంగానే ఉన్నాయి."

ఆయన లేచారు. కోటు గుండీ పెట్టుకున్నారు. వెనక్కి తిరిగి జెస్సీ వైపు చూశారు, రోనా వైపు చూశారు. గొంతు సవరించుకోలేదు. ఉపన్యాసానికి ముందు ఆయన అది ఎప్పుడూ మర్చిపోరు.

"ఆ రోజు చెప్పిందే తప్పు, మై లేడీ," అన్నారు. "ఆ బోర్డు నేనింతవరకూ చదవలేదు."