పన్నెండో ఎపిసోడ్‌లో తలుపు

పిల్లల మనసుకు హాని చేసే విషయాలను టీవీ కార్టూన్లలో వెతికి పట్టుకుని తీసేయడానికి ఏర్పాటైన సున్నితాంశాల పరిశీలక సంఘం ఒక శుభవార్త వెల్లడించింది. తమ అవిరళ కృషి ఫలితంగా, ఇంట్లో ఏం జరుగుతోందో ఇకమీదట ఏ పిల్లకీ టీవీ ద్వారా తెలిసే ప్రమాదం లేదని సంఘం సంతోషంతో ప్రకటించింది. ఈ విజయం వెనుక ఎంత శ్రమ ఉందో పాఠక మహాశయులకు తెలియకపోవచ్చు. తెలియజేయడం మా విధి.

కార్టూన్ జపాన్‌ది. అలాంటివాటిని యానిమే అనాలని, కార్టూన్ అంటే చిన్నబుచ్చినట్టని పిల్లలు గొడవ చేస్తారు. పెద్దలు అన్నిటినీ కార్టూన్లే అంటారు. సంఘంలో అందరూ పెద్దలే. కథ చిన్నది. పదేళ్ల పిల్ల ఒకతి కత్తి పట్టుకుని రాక్షసులను వేటాడుతుంది. మొదటి పదకొండు ఎపిసోడ్లలో మూడు వందల పన్నెండు తలలు తెగాయి, రెండు ఊళ్లు బూడిదయ్యాయి, ఒక ముసలాయన తన పేగులు తన చేత్తోనే పట్టుకుని ధైర్యం గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పి కన్నుమూశాడు. సంఘం వాటన్నిటినీ ఓపిగ్గా చూసి ‘కుటుంబసమేతంగా చూడదగినది’ అని ముద్ర వేసింది. ఆ ముసలాయన మాటలు బడిపిల్లల చేత వల్లె వేయిస్తే బాగుంటుందని అధ్యక్షులవారు సూచించారు కూడా.

పన్నెండో ఎపిసోడ్‌లో రాక్షసులు లేరు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ పిల్ల ఇంటికి వెళ్తుంది. వాళ్లమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది. చెంప నీలంగా కమిలి ఉంటుంది. పిల్ల కాసేపు చూసి, “అమ్మా, నాన్న కొట్టాడా?” అని అడుగుతుంది. అమ్మ బదులు చెప్పదు. గిన్నె దించి కూతురికి వడ్డిస్తుంది. అంతే.

ఆ కార్టూన్‌కి మాటలు రాసింది డబ్బింగ్ స్టూడియోలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న మాటల రచయిత్రి. బొమ్మ నోరు ఎన్నిసార్లు తెరుచుకుంటే అన్ని అక్షరాలే పట్టాలి, ఒక్కటి ఎక్కువైనా నోరు మూసుకున్నాక మాట వినిపిస్తుంది. ఈ లెక్క ఆమెకి కొట్టిన పిండి. అలాంటి మనిషికి ఈ ఒక్క ప్రశ్న రాయడానికి ఒక పూట పట్టింది. ఏడు అక్షరాలు. రాసిన ప్రతిసారీ బొమ్మ మొహం పోయి అక్క మొహం వచ్చి కూర్చునేది.

అక్కకి పన్నెండేళ్లుగా తలుపు తగులుతోంది. పెళ్లైన మూడో నెలలో పడగ్గది తలుపు తగిలింది. తర్వాత వంటింటి తలుపు, ఆ తర్వాత బీరువా తలుపు. ఇల్లు మారారు. ఖర్మ కొద్దీ కొత్త ఇంటి తలుపులూ అలాంటివే దొరికాయి. చుట్టాలకీ పక్కింటివాళ్లకీ ఈ తలుపుల సంగతి బాగా తెలుసు. కాస్త చూసుకుని నడువమ్మా అని అందరూ జాగ్రత్తలు చెప్పారు. రచయిత్రి కూడా చెప్పింది. వందల ఎపిసోడ్లలో రాజుల చేత, రాక్షసుల చేత, మాట్లాడే పిల్లుల చేత అనర్గళంగా మాట్లాడించిన మనిషికి, అక్క ఎదురుగా కూర్చుంటే ఆ ఏడు అక్షరాలూ పెగల్లేదు. అక్క కూతురికి తొమ్మిదేళ్లు. ఆదివారం పదింటికల్లా ఆ కార్టూన్ ముందు అతుక్కుపోతుంది. తను అడగలేనిది ఆ ఇంట్లో టీవీ అడుగుతుందని రచయిత్రి ఆశ పడింది. సిగ్గుపడాల్సిన ఆశే. సిగ్గుపడుతూనే పెట్టుకుంది.

ఎపిసోడ్ రాకముందే అందులోని ముక్క ఒకటి ప్రకటనగా వచ్చింది. మర్నాడే ‘ఒక బాధ్యతగల తండ్రి’ సంఘానికి ఫిర్యాదు రాశాడు. వారం తిరిగేసరికి బాధ్యతగల తండ్రులు నాలుగు వేల మంది తేలారు. ఇంతమంది ఉన్నారని అప్పటిదాకా ఎవరికీ, ముఖ్యంగా వాళ్ల పిల్లలకి, తెలియదు. ఒక మేధావి ఈ కార్టూన్ల వల్ల సంసారాలు కూలుతున్నాయని పత్రికలో మూడు భాగాల వ్యాసం రాశాడు. చూస్తే నిష్పక్షపాతం దెబ్బతింటుందని ఆయన ఆ కార్టూన్ చూడలేదు. నాన్నని ‘కొట్టాడా’ అనడమేమిటి, ‘కొట్టారా’ అనాలి కదా, పెంపకం ఇలాగేనా అని ఒక పెద్దమనిషి బాధపడ్డాడు. ఆయనకి ఆ వాక్యంలో ఇంకే అభ్యంతరమూ కనబడలేదు.

సంఘం రచయిత్రిని పిలిపించింది. పొడవాటి బల్ల, చుట్టూ తొమ్మిది మంది, ఒక్కొక్కరి ముందు మూతపెట్టిన మంచినీళ్ల గ్లాసు. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

“చూడమ్మా, రాక్షసుడి తల తెగితే పిల్లలు కాసేపు జడుసుకుంటారు, మర్చిపోతారు. ఎందుకని? రాక్షసులు లేరని వాళ్లకి తెలుసు. కానీ నాన్న ఉన్నాడు కదా. ఇంట్లోనే ఉన్నాడు. సోఫాలో కూర్చుని ఉన్నాడు. అందుకని లేనివాటిని ఎంతైనా చూపించండి, మాకేం పట్టింపు లేదు. ఉన్నవాటి జోలికి మాత్రం వెళ్లకండి. ఇది మా విధానం.”

సభ్యులు చప్పట్లు కొట్టారు. ఒకరు ఆ మాటలు రాసుకున్నారు.

“మరి ఆ దెబ్బకి ఏం చెప్పమంటారు సార్?” అంది రచయిత్రి. బొమ్మను మార్చకూడదని జపాన్ వాళ్ల ఒప్పందంలో ఉంది.

“తలుపు తగిలిందని రాయండి. ఎవరైనా అదే కదమ్మా చెప్పేది?”

“‘అమ్మా, తలుపు తగిలిందా’ అంటే తొమ్మిది అక్షరాలు సార్. నోరు ఏడుసార్లే తెరుచుకుంటుంది.”

అధ్యక్షులవారు వేళ్లు మడిచి లెక్కపెట్టి, “అయితే అమ్మని తీసేయండి, సరిపోతుంది,” అన్నారు. నిజంగానే సరిపోయింది. ఆయనకి ఈ రంగంలో అనుభవం లేకపోయినా సహజ ప్రతిభ ఉందని సభ్యులు ముక్తకంఠంతో మెచ్చుకున్నారు.

‘తలుపు తగిలిందా’ అని మార్చిన కొత్త ప్రకటన టీవీలో వచ్చిన మూడో రోజున తలుపుల తయారీదారుల సంఘం వీధికెక్కింది. తరతరాలుగా ఇళ్లకు కాపలా కాస్తున్న తలుపుల మీద ఇంత అభాండమా అని వాళ్లు నిలదీశారు. ఊరికే అరిచి ఊరుకోలేదు, నిపుణుల చేత పరీక్షలు చేయించి నివేదిక సమర్పించారు. తలుపు తగిలితే నుదురో ముక్కో మోకాలో వాస్తుందని, చెంప మీద నాలుగు వేళ్లు తేలవని, తాము తయారుచేసే ఏ రకం తలుపుకూ వేళ్లు ఉండవని అందులో బొమ్మలు గీసి మరీ నిరూపించారు. అది చదివి పరిశీలక సంఘం తెల్లమొహం వేసింది. నివేదికలో చాలా నిజం ఉందని గుర్తించింది. నిజం ఉంది కాబట్టి దాన్ని వెంటనే తాళం వేసి భద్రపరిచింది.

చివరికి దారి చూపించింది చానెల్ మేనేజరు. “అసలు మాటే వద్దు. పిల్ల నోరు కదులుతుంది, శబ్దం ఉండదు. నాలుగు సెకన్లు. మనమేం అనకపోతే మనల్ని ఎవరూ ఏమీ అనరు.”

“ఒక్క ప్రశ్న సార్,” అని బతిమాలింది రచయిత్రి. “ఆ పిల్ల అడిగితే చాలు. జవాబు ఎలాగూ లేదు.”

“జవాబులతో మనకెప్పుడూ ఇబ్బంది లేదమ్మా,” అన్నాడు మేనేజరు.

ఆ ఆదివారం రచయిత్రి అక్క ఇంటికి వెళ్లింది. బావ సోఫాలో పేపరు చదువుతున్నాడు. అక్క కూతురు నేల మీద బాసింపట్టు వేసుకుని టీవీకి జానెడు దూరంలో కూర్చుంది.

“రా మరదలా. ఆ చెత్త తీసేయించారటగా, మంచి పని చేశారు. నేను కూడా సంతకం పెట్టాను.”

“మీరు చూశారా బావా?”

“చూడాలా ఏంటి? ఆడపిల్ల ఉన్న ఇల్లు.”

అక్క టీ తెచ్చింది. చెవి కిందినుంచి దవడ దాకా కమిలి ఉంది. చెల్లెలు చూడటం చూసి, “బాత్రూం తలుపే,” అంది, అడక్కుండానే.

కార్టూన్‌లో పిల్ల ఇంటికి వెళ్లింది. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. పిల్ల నోరు తెరుచుకుంది. శబ్దం లేదు. సంఘం కోరినట్టే గదిలో నిశ్శబ్దం పరుచుకుంది.

తొమ్మిదేళ్ల పిల్ల టీవీ వైపు చూడటం లేదు. ట్రే పట్టుకుని నిలబడ్డ తల్లి వైపు తిరిగింది.

“అమ్మా, నాన్న కొట్టాడా?”

బొమ్మ నోరు మూసుకునేసరికి మాట కూడా అయిపోయింది. పెదవులకి అంత చక్కగా కుదిరిన డబ్బింగ్ రచయిత్రి తన పద్నాలుగేళ్ల సర్వీసులో చూడలేదు.

బావ పేపరు దించాడు. “ఏంటే ఆ మాటలు? ఎవరు నేర్పారు నీకు?”

“ఎవరూ నేర్పలేదు,” అంది పిల్ల. “టీవీలో ఏమీ అనలేదుగా.”

కార్టూన్‌లో అమ్మ బదులు చెప్పకుండా వడ్డిస్తోంది. అక్క ట్రే బల్ల మీద పెట్టింది.

“అవును,” అంది.

రచయిత్రికి ఏడుపొచ్చింది. ఆ ప్రశ్న పన్నెండేళ్ల కిందట తను అడగాల్సింది. ఆ సంగతి పక్కనబెట్టి లేచి నిలబడింది. “అక్కా, బట్టలు సర్దుకో. నేను సర్దుతాను పద,” అంది. ఈ మాటకి ఆమె ఏ సంఘం అనుమతీ తీసుకోలేదు.

సోమవారం సాయంత్రానికి ఫిర్యాదులు పదకొండు వేలు దాటాయి. అన్నిటి సారాంశం ఒకటే: మా ఇంట్లో అలాంటిదేమీ లేదు, అయినా మా పిల్ల అడిగింది. సంఘం అత్యవసరంగా సమావేశమై, అన్ని మాటల్లోకీ అసభ్యమైనది నిశ్శబ్దమేనని తేల్చి, దాన్ని నిషేధించింది. ఇకమీదట అలాంటి చోట్ల డప్పులు మోగుతాయి. రచయిత్రి సేవలకు చానెల్ కృతజ్ఞతలు తెలిపి శాశ్వత విశ్రాంతినిచ్చింది.

అక్కా కూతురూ ఇప్పుడు ఆమె రెండు గదుల ఇంట్లోనే ఉంటున్నారు. అక్కడి తలుపులు పాతవి. ఒకదాని బందు ఊడింది, బాత్రూందైతే సరిగ్గా పడనే పడదు. మూడు నెలలైంది, ఎవరికీ తగల్లేదు. ఈ సంగతి తెలిసి తలుపుల తయారీదారుల సంఘం ఒక ధ్రువీకరణ పత్రం అడిగితే, అక్క తన చేత్తోనే రాసి ఇచ్చింది.

ఫిర్యాదు చేసిన ఆ పదకొండు వేల మందిలో మా పాఠకులు ఒక్కరూ లేరని మాకు తెలుసు. మీ పిల్లలు బుద్ధిమంతులు, ఏమీ అడగరు. తలుపులు మాత్రం ఒకసారి చూసుకోండి.